ధాన్యం ట్రక్కు ఆగుతుందా? కోతలకు ముందు ట్రాక్టర్ యజమానులు, డ్రైవర్లు చూసుకోవలసినవి

ఫిబ్రవరి నెలాఖరుకు పెన్నా డెల్టాలో కోతలు మొదలవుతాయి. విడవలూరు, ఇందుకూరుపేట, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, అల్లూరు వైపు పొలాల్లోకి కోత మిషన్లు దిగాయంటే రెండు నెలల పాటు ట్రాక్టర్లకు రాత్రీ పగలూ తీరిక ఉండదు. ఎన్ని ట్రిప్పులు తిరిగితే అంత బాడుగ కాబట్టి లోడూ పెరుగుతుంది, తొందరా పెరుగుతుంది.

ఇప్పుడు వస్తున్న ట్రాక్టర్లు చాలావరకు యాభై హార్స్ పవర్‌కు అటూ ఇటూ ఉంటున్నాయి. ఎంత వేసినా లాగుతున్నాయి. నా భయమంతా అక్కడే. లాగడం ఇంజను పని. ఆపడం బ్రేకుల పని, టైరు నేలను పట్టుకునే పట్టు పని. ఇంజను బలం పెరిగినంత మాత్రాన ఆ రెండూ పెరగవు. అందుకే లోడు వేసే ముందు ‘లాగుతుందా’ అని అడగడం మానేసి ‘ఆగుతుందా’ అని అడగండి.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఆరు పుట్లు వేస్తే 5,100 కిలోలు. ట్రాక్టర్ వెనక తగిలించే ఖాళీ ట్రక్కు (ట్రాలీ) బరువు ఒకటిన్నర టన్ను అనుకున్నా, వెనక ఉన్నది ఆరున్నర టన్నులు. ముందున్న ట్రాక్టర్ రెండు టన్నుల పైచిలుకు. మన దగ్గర తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. ట్రాక్టర్‌కు ఉన్న బ్రేకులు కూడా వెనక చక్రాలకే. అంటే మొత్తం ఎనిమిదిన్నర టన్నులను ఆ రెండు టైర్లే ఆపాలి. పైగా మిషన్ కోసిన పచ్చి ధాన్యం కొనుగోలు కేంద్రం అడిగే 17 శాతం తేమతో రాదు. 25 శాతం తేమ ఉంటే, ఐదు టన్నుల లోడులో దాదాపు అర టన్ను అదనపు నీరే. నిరుడు ఎండిన ధాన్యం ఎక్కడిదాకా నింపారో గుర్తు పెట్టుకుని ఈసారి పచ్చి ధాన్యం అక్కడిదాకే నింపినా బరువు పెరిగినట్టే.

వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. కాలువ గట్టు మీద గంటకు పది కిలోమీటర్లు, తారు రోడ్డు మీద ఇరవై దాటకుండా వెళ్లండి. రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట ఇంకా తగ్గించాలి, గింజల మీద టైరు జారుతుంది.

బ్రేకు పెడళ్లు

దుక్కిలో మలుపు తిప్పడానికి కుడి, ఎడమ పెడళ్లను విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపే కొక్కెం తప్పకుండా వేయాలి. వేయకపోతే తొందరలో కాలు ఒక పెడలు మీదే పడుతుంది, ట్రాక్టర్ ఒక పక్కకు తిరుగుతుంది, వెనక ఉన్న ఆరున్నర టన్నులు దాన్ని అడ్డంగా తోసేస్తాయి. కొక్కెం వేశాక ఖాళీ బండితో పాతిక అడుగులు నడిపి బ్రేకు తొక్కండి. రెండు చక్రాలూ ఒకేసారి పట్టాలి. ఒకటి ముందు పడితే మెకానిక్ దగ్గరికి పోయి సరిచేయించాకే ధాన్యం ఎక్కించండి. కొత్తగా ట్రక్కు చేయించుకుంటున్న వారు ఖర్చు ఎక్కువైనా బ్రేకులున్నదే చేయించుకోవాలని నా గట్టి మాట.

దిగుడు మరింత ప్రమాదం. గట్టు మీది నుంచి ఊళ్లోకి దిగే ఏటవాలు, బ్యారేజీ చివర, హైవే మీద ఫ్లైఓవర్ దిగే చోట డీజిల్ కలిసి వస్తుందని న్యూట్రల్ చేస్తున్నారు. తమ్ముళ్లూ, దయచేసి ఆ పని చేయకండి. న్యూట్రల్‌లో ఇంజను పట్టు ఉండదు. క్లచ్ తొక్కి పెట్టినా అంతే. వేగం పెరిగాక కింది గేరు పడదు, బ్రేకు ఒక్కటే దిక్కవుతుంది, అదీ వేడెక్కి పట్టు వదులుతుంది. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. ఆ గేరు పైనే, దిగుడు మొదలు కాకముందే వేయాలి.

పిన్ను, బరువు

ట్రక్కును ట్రాక్టర్‌కు కలిపే పిన్ను పోతే దొరికిన బోల్టో, ఇనుప చువ్వో దూర్చి వెళ్లేవారున్నారు. చువ్వ వంగుతుంది, బోల్టు తెగుతుంది. సరైన పిన్ను, దాని అడుగున క్లిప్పు, విడిగా ఒక గొలుసు, ఈ మూడూ ఉండాలి. పిన్ను పట్టే రంధ్రం అరిగి సాగిపోయిందేమో చూడండి. పొలంలో గెనిమలు (గట్లు) ఎక్కి దిగేటప్పుడు క్లిప్పు ఊడుతుంది కాబట్టి, రోడ్డెక్కే ప్రతిసారీ దిగి ఒకసారి చేత్తో తడిమి చూడాలి.

రెండు చక్రాల ట్రక్కులో బరువు కొంత ముందుకే ఉండాలి. వెనక ఎక్కువైతే ట్రక్కు ట్రాక్టర్ వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది. బ్రేకులున్నవి ఆ చక్రాలకేనని మర్చిపోకండి. మరీ ముందుకు వేస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ చేతికి తేలిగ్గా తగులుతుంది. అలా తగిలిన వెంటనే ఆపి లోడు సర్దండి. ముందు తగిలించే బరువు దిమ్మెలు దుక్కికే అనుకుని ఇంట్లో పెట్టవద్దు.

ట్రక్కు బురదలో దిగబడితే గొలుసును ట్రాక్టర్ వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే (డ్రాబార్‌కే) కట్టాలి. పైకి కడితే లాగుడు బాగుంటుందని వెనక ఇరుసుకో, పై లింకుకో కడతారు. అప్పుడు చక్రాలు కదలవు, ట్రాక్టరే ముందు భాగం లేచి వెనక్కి తిరగబడుతుంది. దూకడానికి డ్రైవర్‌కు ఒక సెకను కూడా దొరకదు. సగం బస్తాలు దించండి, చిన్న గేరులో క్లచ్ మెల్లగా వదలండి. గొలుసు తెగితే కొట్టే దూరంలో ఎవరూ నిలబడకూడదు, ట్రాక్టర్‌కూ ట్రక్కుకూ మధ్యన అసలే ఉండకూడదు.

హైవే దాటడం

గూడూరు నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు జాతీయ రహదారిని దాటక తప్పని ఊళ్లు చాలా ఉన్నాయి. ట్రాక్టర్, ట్రక్కు కలిపి ఎనిమిది మీటర్ల దాకా పొడవు. ఒక పక్క రోడ్డు పూర్తిగా దాటాలంటే సుమారు 18 మీటర్లు కదలాలి. నిలబడి బయలుదేరిన లోడు బండి గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో పోతే దానికి 13 సెకన్లు పడుతుంది. ఎనభై మీద వస్తున్న లారీ ఆ 13 సెకన్లలో దాదాపు 300 మీటర్లు వచ్చేస్తుంది. దూరంగా ఉన్నట్టు కనిపించినా ఆగండి. యూటర్న్ దాకా పోయే దూరం తప్పుతుందని ఎదురు దిశలో వెళ్లడం ఇంకా ఘోరం.

చీకట్లో వెనక నుంచి వచ్చేవారికి ధాన్యం ట్రక్కు కనిపించదు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు అంటించండి. వెనక డోరు మీద పట్టా వేలాడి లైటును కప్పేస్తోందేమో చూడండి. బండి చెడిపోతే తారు మీద వదలకుండా మట్టి వైపుకు దించి, కనీసం యాభై మీటర్ల వెనక హెచ్చరిక గుర్తు పెట్టండి. రాళ్లు పెట్టినవారు వెళ్లేటప్పుడు ఆ రాళ్లు తీసేయాలి. ట్రాక్టర్‌లో పాటల శబ్దం వెనక లారీ హారన్ వినపడేంత వరకే ఉండాలి.

మనుషులు, తీగలు

2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కూలీలతో వస్తున్న ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. కనీసం తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. కూలికి వెళ్లిన ఆడవాళ్లు ఇంటికి రావాలని మనసులో ఉంటే వాళ్లకు ఆటో మాట్లాడండి. ట్రక్కులో, బస్తాల మీద, మడ్‌గార్డు మీద ఎవరినీ ఎక్కించుకోవద్దు. పిల్లలను అసలే వద్దు. ట్రక్కుకు రిజిస్ట్రేషన్, బీమా విడిగా ఉన్నాయో లేదో కూడా కోతలకు ముందే చూసుకోండి.

కోతలయ్యాక వరిగడ్డి ఎత్తుగా వేసుకుని మెట్ట ఊళ్లకు పోయే బండ్లకు కరెంటు తీగలే ముప్పు. వెళ్లే దారిలో తీగలు ఎక్కడ కిందికి జారి ఉన్నాయో పగటిపూట చూసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి చెప్పండి. కర్రతో తీగ ఎత్తి బండిని పోనివ్వడం చేయకూడని పని. తీగ తగిలితే డ్రైవర్ సీటు మీదే ఉండి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా కేకవేసి, కరెంటు ఆపించాలి. గడ్డికి నిప్పంటుకుని దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు పాదాలూ దగ్గరగా పెట్టి దూకి, పాదాలు ఎత్తకుండా చిన్న చిన్నగా జరుపుతూ దూరం పోవాలి.

మిల్లు దగ్గర రాత్రంతా వరుసలో ఆగవలసి వస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి, ట్రక్కు చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. వెనక బరువు ఎక్కువగా ఉన్న ట్రక్కును పిన్ను తీసి విడదీయవద్దు, ట్రక్కు ముందు కొస ఒక్కసారిగా పైకి లేస్తుంది. నీడ కోసమో, మంచు పడుతోందనో ట్రక్కు కింద పడుకునే అలవాటును ఈసారి పూర్తిగా మానండి. ముందు బండి కదలగానే నిద్రమత్తులో ఇంకొకరు ట్రాక్టర్ స్టార్ట్ చేస్తే కింద మనిషి ఉన్నట్టు తెలియదు. వరుసలో ఉన్న డ్రైవర్లందరూ కలిసి మిల్లు యజమానిని ఒక రేకుల షెడ్డు, నాలుగు మంచాలు అడగండి.