హబ్ కొన్నా టీవీలో బొమ్మ రావడం లేదా? ముందు లాప్‌టాప్ అంచు చూడండి

మా చెల్లెలు ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది. ఆమె కొన్న పలుచని లాప్‌టాప్‌కు ఉన్నవి రెండే టైప్-సి పోర్టులు. పాఠాలు టీవీలో చూపిద్దామని, ఒక టైప్-సి పోర్టుకు తగిలించి చాలా పరికరాలు కలుపుకునే తొమ్మిది పోర్టుల హబ్ తెప్పించింది. పెన్‌డ్రైవ్, మౌస్ పనిచేశాయి గానీ టీవీలో బొమ్మ రాలేదు. చెడిపోయిన సరుకు అనుకుని దాన్ని వెనక్కి పంపి ఇంకొకటి తెప్పించింది. అదీ అంతే. నేను వెళ్లి ఫోను లైటు వేసి లాప్‌టాప్ అంచు చూశాను. ఆమె హబ్ పెడుతున్న పోర్టు పక్కన యూఎస్‌బీ త్రిశూలం గుర్తు ఒక్కటే ఉంది. రెండో పోర్టు పక్కన గోరంత ఇంగ్లిషు ‘డి’, దాని కడుపులో ‘పి’ కనిపించాయి. హబ్ అందులోకి మార్చగానే టీవీలో పాఠం వచ్చింది. రెండు హబ్‌లలో ఏ లోపమూ లేదు.

హబ్ కొనేటప్పుడు అందరూ పోర్టుల సంఖ్య లెక్కపెడతారు. అసలు చూడవలసింది లాప్‌టాప్‌కున్న పోర్టును. చెరువులో నీళ్లుంటేనే కదా కాలువలోకి వచ్చేది!

టీవీలో, మానిటర్‌లో బొమ్మ అసలే రాకపోతే

టైప్-సి అన్నది పోర్టు ఆకారానికి పేరు. దాని గుండా బొమ్మ రావాలంటే లాప్‌టాప్ తయారీలోనే ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ అనే సదుపాయం ఉండాలి. పోర్టు పక్కన పైన చెప్పిన ‘డి’లో ‘పి’ గుర్తు గానీ, బాణం మొన ఉన్న థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉంటే ధైర్యంగా కొనవచ్చు. కొన్ని లాప్‌టాప్‌ల మీద ఏ గుర్తూ ఉండదు. అప్పుడు మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో పోర్టుల వివరాలు చదవాలి. ఆ సదుపాయం లేకపోతే మామూలు హబ్ ఎంత ఖరీదైనదైనా బొమ్మ రాదు. డ్రైవర్ వేసుకుని పనిచేసే డిస్‌ప్లేలింక్ అడాప్టర్ ఒక దారి. అది బొమ్మను కుదించి డేటాగా పంపుతుంది కాబట్టి పాఠాలకు, లెక్కల పట్టికలకు సరిపోతుంది, ఆటలకు పనికిరాదు. పాత వెడల్పు యూఎస్‌బీ పోర్టు ఉన్నవారికీ ఇదే దారి.

హబ్‌కు, లాప్‌టాప్‌కు మధ్య ఫోను ఛార్జర్‌తో వచ్చిన కేబుల్ వాడుతున్నా బొమ్మ రాదు. అలాంటి కేబుళ్లలో చాలావాటికి బొమ్మను మోయలేని, నెమ్మదైన యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. హబ్‌తో వచ్చిన కేబుల్‌నే వాడండి.

బొమ్మ వచ్చినా మౌస్ బాణం గెంతుతున్నట్టు కదిలితే

తెర 4కె (1920×1080 కన్నా నాలుగింతల చుక్కలున్నది) అయి, రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు బొమ్మ మార్చే సార్లు, 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయి ఉంటుంది. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో ఆ అంకె కనిపిస్తుంది. టైప్-సిలో వేగంగా పనిచేసే దారులు నాలుగు. సాధారణంగా హబ్‌లు రెండింటిని బొమ్మకూ రెండింటిని డేటాకూ పంచుతాయి. లాప్‌టాప్‌లో డిస్‌ప్లేపోర్ట్ పాత వెర్షన్ 1.2 ఉంటే ఆ రెండు దారుల్లో 4కె 30 హెర్ట్జ్ వరకే పడుతుంది. 1.4 ఉండి, హబ్ కూడా 4కె 60 హెర్ట్జ్‌ది అయితేనే పూర్తి నునుపు వస్తుంది. కొత్తది కొనే ముందు రిజల్యూషన్‌ను 1920×1080కి దించి 60 హెర్ట్జ్ పెట్టి చూడండి. పాఠాలు చెప్పుకోవడానికి అది చాలు.

రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ వస్తే

మ్యాక్‌బుక్ వాడేవారికి ఇది తరచూ ఎదురవుతుంది. రెండు హెచ్‌డీఎంఐలున్న మామూలు హబ్‌లు, ఒకే పోర్టు నుంచి రెండు తెరలకు వేర్వేరు బొమ్మలు పంపడానికి వాడే ఎంఎస్‌టీ పద్ధతిని మ్యాక్ ఓఎస్ ఒప్పుకోదు. ఇక్కడ కూడా డిస్‌ప్లేలింక్ ఒక మార్గం.

కాపీ మధ్యలో హార్డ్ డిస్క్ ఊడిపోతే

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెళ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు పోయేది ఇక్కడే.

మొదటి కారణం కరెంటు చాలకపోవడం. యూఎస్‌బీ 3.0 పోర్టు ఇవ్వవలసింది 900 మిల్లీఆంపియర్లు, అంటే 4.5 వాట్లు. పోర్టబుల్ హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒక్కటే దాదాపు అంతా లాగేస్తుంది. ఛార్జర్ లేని హబ్‌కు రెండు డిస్కులు తగిలిస్తే, టిక్ టిక్‌మనే శబ్దం వచ్చి ఒకటి మాయమవుతుంది. హబ్‌కున్న పవర్ డెలివరీ పోర్టుకు ఛార్జర్ పెట్టండి.

రెండో కారణం చాలామందికి తట్టదు. ఛార్జర్‌ను హబ్‌కు పెట్టినప్పుడూ, తీసినప్పుడూ హబ్, లాప్‌టాప్ ఎవరికి ఎంత కరెంటో మళ్లీ మాట్లాడుకుంటాయి. చాలా హబ్‌లలో ఆ క్షణంలో మిగతా పోర్టులన్నీ ఒకసారి ఆగి మళ్లీ వస్తాయి. ఇంట్లో కరెంటు పోయినా జరిగేది ఇదే. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, డిస్క్ మాత్రం తెగిపోతుంది. కాబట్టి ముందు ఛార్జర్, తర్వాత డిస్క్. కోతల వేళ ముఖ్యమైన కాపీ ఉంటే హబ్ లేకుండా డిస్క్‌ను నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి.

ఛార్జర్ పెట్టినా బ్యాటరీ తగ్గుతుంటే

హబ్ తన అవసరానికి కొన్ని వాట్లు ఉంచుకుంటుంది. 65 వాట్ల ఛార్జర్ పెడితే లాప్‌టాప్‌కు సుమారు 50 చేరవచ్చు. ‘100 వాట్లు’ అని హబ్ మీద రాసి ఉన్నది అది తీసుకోగల గరిష్ఠం మాత్రమే, కరెంటు పుట్టించేది ఛార్జరే. లాప్‌టాప్‌కు కావలసిన దానికన్నా 15 వాట్లు ఎక్కువున్న పవర్ డెలివరీ ఛార్జర్ తీసుకోండి.

వైర్‌లెస్ మౌస్ తడబడితే

యూఎస్‌బీ 3.0 పరికరాలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొద పుడుతుంది. మౌస్, బ్లూటూత్, పాత వైఫై నడిచేదీ అక్కడే. మౌస్ రిసీవర్‌ను డిస్క్ పక్క పోర్టులో పెడితే, కాపీ సాగినంతసేపూ బాణం మొరాయిస్తుంది. రిసీవర్‌ను జానెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో హబ్‌కు దూరంగా జరిపితే చాలు. వైఫై కూడా తగ్గుతుంటే రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కు మారండి.