వాషింగ్ మెషీన్‌లో నీళ్లు వేడెక్కట్లేదా? హీటరు కొనే ముందు ఇవి చూడండి

ఫ్రంట్ లోడ్ మెషీన్ నీళ్లు కాచట్లేదని ఫోన్ చేస్తే చాలామంది మెకానిక్‌లు చూడకుండానే చెప్పే మాట "హీటర్ పోయిందండీ". పోయి ఉండొచ్చు. కానీ కాలిన వైరు కొస, పనిచేయని సెన్సరు, నేల మీద పడేసిన డ్రెయిన్ పైపు, తక్కువ వోల్టేజీ వల్ల కూడా నీళ్లు చల్లగానే ఉంటాయి. వీటిలో సగం మెషీన్ విప్పకుండానే తేలిపోతాయి.

ముందు అసలు రిపేరు ఉందో లేదో చూడాలి. ఉతుకు అయ్యాక బట్టలు చల్లగా ఉండటం లోపం కాదు, చివరి జాడింపులన్నీ చన్నీళ్లతోనే. వేసవిలో ఇంకో తిరకాసు ఉంది. మే నెలలో బెజవాడ, గుంటూరు డాబాల మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి 40 డిగ్రీల దగ్గరికి వస్తాయి. అప్పుడు 40 డిగ్రీల ప్రోగ్రాం పెడితే హీటరుకి పనే ఉండదు. రెంటచింతల వైపు వాళ్లకి ఈ సంగతి మనం చెప్పక్కర్లేదు. పదిహేను నిమిషాల క్విక్ వాష్‌ని బట్టి కూడా ఏమీ తేల్చలేం.

సరైన పరీక్ష ఇది. పొద్దున్నే, బట్టలు లేకుండా, కాటన్ 60 డిగ్రీలు పెట్టండి. 15 లీటర్ల నీళ్లని 28 నుంచి 60 డిగ్రీలకి తేవడానికి 2000 వాట్ల హీటరుకి లెక్క ప్రకారం 17 నిమిషాలు పడుతుంది. డ్రమ్ము, టబ్బు కూడా వేడెక్కాలి కాబట్టి పాతిక నిమిషాలు వేసుకోండి. అప్పటికి తలుపు అద్దం చేత్తో తాకితే స్పష్టంగా వెచ్చగా తెలియాలి.

ఇంకా కచ్చితంగా కావాలంటే కరెంటు మీటరే చెబుతుంది. మెషీన్ తప్ప ఇంట్లో మిగతావన్నీ, ఫ్రిజ్‌తో సహా, ఆపేయండి. నీళ్లు నిండాక ఒకరు సెల్లార్‌లో మీటరు దగ్గర నిలబడి ఎర్ర లైటు చూడాలి. మీటరు మీద యూనిట్‌కి 3200 పల్సులని ఉంటే, మోటారు ఒక్కటే తిరుగుతున్నప్పుడు లైటు నిమిషానికి పదీ పదిహేను సార్లు వెలుగుతుంది. హీటరు ఆన్ కాగానే అది నిమిషానికి వంద దాటి టకటకా కొట్టుకుంటుంది. మొదటి పది నిమిషాల్లో ఆ తేడా రాకపోతే హీటరుకి కరెంటు వెళ్లట్లేదు, లేదా హీటరు తీసుకోవట్లేదు.

లైటు వేగంగా కొడుతున్నా నీళ్లు కాగకపోతే

మన ఫ్లాట్ల వాష్ ఏరియాల్లో ఎక్కువగా కనిపించే తప్పు డ్రెయిన్ పైపుదే. నేల మీది జాలీలోకి పైపు వదిలేస్తారు. పైపు కొస నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో లేకపోతే, నీళ్లు నిండుతుంటే మరోపక్క వాటంతట అవే జారిపోతాయి. మెషీన్ మళ్లీ చన్నీళ్లు తీసుకుంటుంది, హీటరు మళ్లీ మొదటికి వస్తుంది. ఉతుకు జరుగుతుండగా జాలీ దగ్గర నీటి చప్పుడు వినిపిస్తే ఇదే. పైపుని ఎత్తుకి కట్టండి, ఖర్చేమీ లేదు.

రెండోది వోల్టేజీ. 230కి బదులు 180 వోల్టులు వస్తే 2000 వాట్ల హీటరు ఇచ్చేది 1200 వాట్ల పైచిలుకే. వేసవి సాయంత్రాలు ఏసీలన్నీ ఆన్ అయ్యే వేళ ఇలా అవుతుంటే, పొద్దున్న ఉతికి చూడండి. రోజూ ఇంతే అయితే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

లైటు వేగం పెరగకపోతే

ఇప్పుడు విప్పాలి. ప్లగ్గు తీసేయండి, స్విచ్ ఆపడం చాలదు. మెషీన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డులో మిగిలిన కరెంటు దిగడానికి పది నిమిషాలు ఆగండి. కుళాయి కట్టేసి, ముందు కింద ఉన్న ఫిల్టరు దగ్గర నీళ్లు వదిలేయండి. మెషీన్ని గోడ నుంచి జరిపి వెనక రేకు విప్పితే, టబ్బు అడుగున రెండు లావు వైర్లు వెళ్లే చోటే హీటరు. అవి కనిపించకపోతే మీ మోడల్‌లో హీటరు ముందు వైపు ఉన్నట్టు. దానికి తలుపు రబ్బరు, ముందు రేకు ఊడదీయాలి. చేయి తిరగకపోతే అక్కడితో ఆపండి.

వైర్ల కొసలు ముందు చూడండి. లగ్గు (వైరు కొసకి ఉండే లోహపు క్లిప్పు) వదులైతే అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ తొడుగు గోధుమ రంగుకి తిరుగుతుంది, ముట్టుకుంటే పొడిలా రాలుతుంది. హీటరు బాగానే ఉండి ఈ లగ్గు ఒక్కటే కాలిపోయిన మెషీన్లు బోలెడు. నల్లబడిన భాగం కోసేసి, వేడి తట్టే కొత్త లగ్గు ప్లయర్‌తో గట్టిగా నొక్కి వేయాలి. టేపు చుట్టి వదిలేయకండి.

తర్వాత రెండు లావు వైర్లూ పీకి, మల్టీమీటరుని 200 ఓముల మీద పెట్టి హీటరు రెండు టెర్మినళ్ల మధ్య కొలవండి. 2000 వాట్లకి 26, 1800 వాట్లకి 29 ఓముల దగ్గర రావాలి. ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగింది, మార్చాల్సిందే. విలువ సరిగ్గా ఉంటే ఒక్కో టెర్మినల్‌కీ హీటరు ఇనప ఒంటికీ మధ్య కూడా చూడండి, అక్కడ ఏమీ చూపకూడదు. మెషీన్ మొదలైన కొద్ది నిమిషాలకే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతుంటే హీటరు గొట్టానికి చిల్లు పడి కరెంటు నీళ్లలోకి లీకవుతోందని అనుమానించాలి. మామూలు మీటరు ఆ లీకుని పట్టలేకపోవచ్చు, 500 వోల్టుల మెగ్గరు (ఇలాంటి లీకుల్ని పట్టే ప్రత్యేక మీటరు) కావాలి. ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీని పక్కకి తప్పించి కలపడం, ఎర్త్ తీసేయడం ప్రాణాంతకం.

హీటరు బాగుంటే దాని మధ్యలో గుచ్చి ఉండే, నీళ్ల వేడి కొలిచే సన్నవైర్ల సెన్సరు చూడండి. చాలా రకాల్లో 25 డిగ్రీల దగ్గర సుమారు 10 కిలో ఓములు. గదిలో 35 డిగ్రీలుంటే ఆరున్నరకి దిగుతుంది, కంగారు పడక్కర్లేదు. 60 డిగ్రీల నీళ్లలో కొస ముంచితే రెండున్నర దగ్గరికి రావాలి. మీ మోడల్ సంఖ్య వేరుగా ఉండొచ్చు. వేడికి విలువ నెమ్మదిగా తగ్గుతూ పోవడమే ముఖ్యం. కదలకుండా ఉంటే, గెంతుతుంటే సెన్సరు మార్చండి.

రెండూ బాగుంటే మిగిలేవి నీటిమట్టం చూసే ప్రెషర్ సెన్సరు, బోర్డు మీది హీటరు రిలే, అంటే హీటరుకి కరెంటు కలిపే స్విచ్. టబ్బులో నీళ్లున్నట్టు తెలియకపోతే బోర్డు హీటరు ఆన్ చేయదు. టబ్బు అడుగు నుంచి పైకెళ్లే సన్నటి గొట్టంలో సబ్బు ముద్ద అడ్డుపడిందేమో తీసి కడగండి. రిలే సంగతి కరెంటు ఉండగా పరీక్షించాల్సిన పని, మెకానిక్‌కే వదిలేయండి.

హీటరు మార్చేటప్పుడు

మధ్య నట్టుని పానాతో వదులు చేసి, ఆ బోల్టుని లోపలికి నొక్కాలి. అప్పుడే రబ్బరు సడలుతుంది. పాతది పట్టుకెళ్లి వాట్లు, పొడవు, వంపు, సెన్సరు రంధ్రం సరిపోల్చుకుని కొనండి. కొత్త రబ్బరుకి సబ్బునీళ్లు రాయండి, నూనె వద్దు. హీటరు కొస టబ్బు లోపలి క్లిప్పులో కూర్చోవాలి. కూర్చోకపోతే డ్రమ్ము దానికి రాసుకుంటుంది. చేత్తో డ్రమ్ము తిప్పి చప్పుడు వినండి. రేకు బిగించి ఒక జాడింపు నడిపి, ప్లగ్గు తీసి, మళ్లీ విప్పి లైటుతో తడి చూడండి.

తీసిన హీటరు మీద తెల్లటి గార దళసరిగా ఉంటే నీళ్ల సంగతి ఆలోచించాలి. గార ఉన్నా వేడి చివరికి నీళ్లలోకే పోతుంది. కానీ తీగ లోపల ఎక్కువ కాగి తొందరగా తెగిపోతుంది. కృష్ణ నీళ్లు వచ్చే ఇంటికన్నా బోరు, ట్యాంకరు మీద నడిచే ఇంట్లో ఇది త్వరగా పేరుకుంటుంది. బోరు ఇళ్లలో రెండు నెలలకోసారి, బట్టలు లేకుండా డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి 60 డిగ్రీల కాటన్ నడపండి. అదే ఉతుకులో బ్లీచింగ్ మాత్రం కలపకూడదు, విషవాయువు పుడుతుంది.