లోక్తా పొదను గుర్తించడం, వర్ణించడం: హిమాలయ అడవుల్లో నడిచేవారి కోసం

తూర్పు నేపాల్, సిక్కిం, భూటాన్ కొండల్లో ఫిబ్రవరి నెలలో నడిచేవారికి, చుట్టూ ఉన్న చెట్లు ఇంకా చలికి ముడుచుకొని ఉండగానే, ఏదో ఒక మలుపు దగ్గర గాఢమైన పూల పరిమళం తగులుతుంది. ఆ పూల కోసం తలెత్తి కొమ్మల్లో వెతికితే ఏమీ కనబడదు. దారి పక్కన, మనిషి ఎత్తులోనో అంతకంటే కాస్త తక్కువ ఎత్తులోనో చూస్తే, లేత గులాబీ రంగు పూలగుత్తులు పట్టిన పొద ఒకటి కనిపిస్తుంది. నేపాలీలు దానిని లోక్తా అంటారు. నేపాల్‌లో చేత్తో చేసే కాగితానికి ముడిసరుకు దీని బెరడే. 1802, 1803 సంవత్సరాల్లో నేపాల్‌లో ఉండి మొక్కలు సేకరించిన ఫ్రాన్సిస్ బుకానన్ స్థానికుల పిలుపు నుంచి తీసుకున్న పేరును, డేవిడ్ డాన్ 1825లో తన నేపాల్ వృక్ష గ్రంథంలో ప్రచురించాడు. అలా దీని శాస్త్రీయ నామం డాఫ్నే భోలువా అయింది.

కొత్తగా మొక్కలను గుర్తించడం నేర్చుకొనేవారు పువ్వు రంగుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఈ పొద విషయంలో ఆ అలవాటు పనికిరాదు, ఎందుకంటే దీని పువ్వు ముదురు ఊదా గులాబీ నుంచి దాదాపు తెలుపు దాకా ఏ ఛాయలోనైనా ఉండవచ్చు. కాబట్టి కాండంతో మొదలుపెట్టి, ఆకు చూసి, ఆ తరువాతనే పువ్వు దగ్గరకు రావడం మంచిది.

లోక్తా పొద సాధారణంగా ఒకటి నుంచి మూడు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. రమారమి 1,700 మీటర్ల నుంచి 3,500 మీటర్ల మధ్య, సింధూర (ఓక్) వృక్షాలూ రోడోడెండ్రాన్లూ ఉన్న తేమ అడవుల్లో, పెద్ద చెట్ల నీడలో ఇది కనిపిస్తుంది. దీని పుల్లను వంచి చూడండి. అది ఫట్టున విరగదు, తాడులా వంగుతుంది. ఎవరో నరికి పడేసిన కొమ్మ దొరికితే దాని బెరడును గోటితో లేపి లాగండి. గోగు కట్టె నుంచి నార ఊడివచ్చినట్లు పొడవైన పట్టీగా లేచి వస్తుంది. ఈ నార ఒక్కటే జాతిని నిర్ధారించదు గానీ, కుటుంబాన్ని దాదాపు పట్టిస్తుంది. ఆ కుటుంబం పేరు థైమెలేసీ. అగరు చెట్టు కూడా ఇందులోనిదే.

ఆకులు కణుపుకు ఒక్కటి చొప్పున, ఒకదాని తరువాత ఒకటి మారుతూ వస్తాయి (దీనినే ఏకాంతరం అంటారు), కానీ కొమ్మ చివర దగ్గర దగ్గరగా గుమిగూడి ఉండడం వల్ల తొందరపాటులో చూసేవారికి ఒకే చోటు నుంచి పుట్టినట్లు కనిపిస్తాయి. ఆకు సన్నగా, పొడవుగా, ఎక్కువగా 5 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. తోలులా దళసరిగా, పైన ముదురు ఆకుపచ్చగా, అంచున పళ్లు లేకుండా నున్నగా ఉంటుంది. ఇది సతత హరితమే అయినా, ఎత్తైన చోట్ల పెరిగే కొన్ని పొదలు చలికాలంలో ఆకు రాల్చి, బోడి కొమ్మల మీదనే పూస్తాయి. అందువల్ల ఆకులు లేవన్న ఒక్క కారణంతో ఇది లోక్తా కాదని తీర్మానించకండి.

పువ్వు దగ్గర నిదానించాలి. మల్లెపువ్వును తిప్పి చూస్తే తెల్లని రేకుల కింద చిన్న ఆకుపచ్చని గిన్నె కనబడుతుంది, అవి రక్షకపత్రాలు. లోక్తా పువ్వును తిప్పి చూస్తే అలాంటి గిన్నె ఏదీ ఉండదు. కారణం ఏమిటంటే, మనం రేకులనుకొంటున్నవే రక్షకపత్రాలు. అవి కలిసిపోయి గొట్టంగా ఏర్పడి, చివర నాలుగు తమ్మెలుగా విచ్చుకొంటాయి. అసలు ఆకర్షణపత్రాలు ఈ పువ్వుకు లేవు. గొట్టం వెలుపలి వైపు సన్నని పట్టులాంటి నూగు ఉంటుంది, ఊదా గులాబీ ఛాయ కూడా అక్కడే ఎక్కువ. లోపలి వైపు తెలుపుగానో లేత గులాబీగానో ఉంటుంది. రాలిన పువ్వు ఒకటి తీసుకొని గొట్టాన్ని గోటితో నిలువునా చీల్చి, పది రెట్ల భూతద్దంతో చూడండి. కేసరాలు ఎనిమిది, నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో, గొట్టం గోడకు అంటుకొని కనిపిస్తాయి. నాలుగు తమ్మెలు, ఎనిమిది కేసరాలు: ఈ లెక్క సరిపోకపోతే మీ ముందున్నది వేరే మొక్క.

ఈ లెక్క ముఖ్యంగా ఎందుకు పనికివస్తుందంటే, అదే కొండల్లో, అదే కాలంలో, గులాబీ రంగులో, సువాసనతో పూచే మరో పొద ఉంది. అది వైబర్నమ్ గ్రాండిఫ్లోరమ్. ఫోటోలో ఈ రెండింటినీ పొరబడేవారు తక్కువేమీ కాదు. వైబర్నమ్ పువ్వుకు తమ్మెలు ఐదు, కేసరాలు ఐదు. ఆకులు ఎదురెదురుగా, అంచున పళ్లతో ఉంటాయి. పూలు లేని కాలంలో ఇబ్బంది పెట్టేది స్కిమ్మియా. దాని ఆకులు కూడా దళసరిగా, కొమ్మ చివర గుమిగూడి ఉంటాయి. అయితే అది నిమ్మ, కరివేపాకు కుటుంబానికి చెందినది కనుక, ఆకును నలిపితే ఘాటైన వాసన వస్తుంది, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఆకులో సన్నని నూనె చుక్కలు కనిపిస్తాయి. లోక్తా ఆకులో ఈ రెండూ ఉండవు. అర్గేలీ అనే పొద లోక్తాకు దగ్గరి బంధువే, దాని నారతోనూ కాగితం చేస్తారు, జపాన్ కరెన్సీ నోట్ల కోసం నేపాల్ నుంచి ఆ నార ఎగుమతి కూడా అవుతుంది. దాని కొమ్మలు మూడు మూడుగా చీలుతాయి, పసుపు పూలు బంతిలా గుండ్రంగా తల వేలాడేస్తాయి. కనుక ఒక్కసారి చూసినవారు మళ్లీ పొరబడరు.

నిజంగా కష్టపెట్టేది లోక్తా తోబుట్టువు, డాఫ్నే పాపిరేసియా. దీనికీ నార ఉంది, తమ్మెలు నాలుగే, కేసరాలు ఎనిమిదే. దాని పూలు తెల్లగా ఉంటాయి, వాసన అంతంత మాత్రమే, ఎక్కువగా తక్కువ ఎత్తుల్లో పెరుగుతుంది. పండు మాత్రం స్పష్టంగా తేడా చూపుతుంది: లోక్తా పండు పక్వానికి వచ్చాక నల్లబడుతుంది, దీని పండు ఎర్రగా ఉంటుంది.

ఇక వర్ణన రాయడం. మొక్కను చూడనివారు ఆ రాత చదివి మరో కొండలో దానిని పోల్చుకోగలిగేలా రాయాలి. "అందమైన గులాబీ పూలు" అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. వెలుపల ఏ రంగు, లోపల ఏ రంగు, నూగు ఉందా లేదా అన్నది వేరువేరుగా రాయాలి. ఒకే ఆకు కొలిచి ఊరుకోకుండా ఐదారు ఆకులు కొలిచి, అన్నింటికంటే చిన్నదీ పెద్దదీ నమోదు చేయాలి. పరిమళాన్ని అక్కడికక్కడే రాసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే ఫోటోలో అది ఉండదు, ఎండబెట్టిన నమూనాలో మిగలదు. ఎత్తు, తేదీ, వాలు ఏ దిక్కుకు ఉంది, చుట్టూ ఏ చెట్లున్నాయి అన్నవి కూడా రాయాలి. ఫోటోలు తీసేటప్పుడు పొద మొత్తం ఒకటి, ఆకు అడుగు భాగం ఒకటి, పువ్వు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి తీస్తే చాలు. రక్షిత అడవుల్లో అనుమతి లేకుండా రెమ్మ కూడా కోయకూడదు. ఈ మొక్క అన్ని భాగాలూ విషపూరితమే. రసం చర్మానికి మంట పుట్టించవచ్చు కనుక పని అయ్యాక చేతులు కడుక్కోవాలి, పండును నోట్లో పెట్టుకోకూడదు.

ఊహించి రాసిన ఒక నమూనా ఇలా ఉంటుంది: "తూర్పు నేపాల్, సుమారు 2,700 మీటర్లు, ఫిబ్రవరి రెండవ వారం, ఉత్తరపు వాలు, రోడోడెండ్రాన్ల నీడ. పొద ఎత్తు 1.8 మీటర్లు, పుల్ల వంగుతుంది, బెరడు పట్టీగా ఊడుతుంది. ఆకులు ఏకాంతరం, కొమ్మ చివర గుమిగూడినవి, 6 నుంచి 9 సెంటీమీటర్లు, అంచు నున్నన, నలిపితే ఘాటు లేదు. పూలు కొమ్మ చివర గుత్తులుగా, గొట్టం వెలుపల ఊదా గులాబీ, నూగు ఉంది, తమ్మెలు నాలుగు, లోపల తెలుపు, కేసరాలు ఎనిమిది. పరిమళం పది అడుగుల దూరానికి తెలుస్తోంది. పండు కనబడలేదు."

చివరి వాక్యాన్ని వదిలేయకండి. చూడనిదాన్ని చూడలేదని రాయడం కూడా వర్ణనలో భాగమే. ఇన్ని లక్షణాలు కలిసినప్పుడు డాఫ్నే భోలువా అని పేరు రాయవచ్చు. పూలు తెల్లగా ఉండి, పరిమళం విషయంలో సందేహం మిగిలితే మాత్రం పుస్తకంలో డాఫ్నే అని ప్రజాతి పేరు వరకే రాసి, పక్కన ఖాళీ ఉంచి, పండ్లు పక్వానికి వచ్చే వేసవిలో మళ్లీ వెళ్లి వాటి రంగు చూసి పూరించండి.