ఇంటి దగ్గర రేకు విమానం – 4వ పాఠం: బెజ్జం నుంచి రివెట్టు దాకా

కిట్టు పెట్టె వచ్చి సావిట్లో కూర్చున్నాక ఎవరికైనా చేతులు ఊరుకోవు. అయినా ఈ వారం కూడా దాన్ని తెరవొద్దు. రివెట్టు అంటే ఒక చివర తల, దాని కింద కాడ ఉన్న చిన్న లోహపు మేకు. బెజ్జంలో దింపి కాడను కొడితే అది ఉబ్బి రెండో తలై రేకుల్ని కరిచి పట్టుకుంటుంది. లోపల డొల్ల లేని గట్టి రివెట్లతో కట్టే రెండు సీట్ల రేకు విమానంలో అవి పదివేలు దాటడం మామూలే. వాటిలో మొదటి రెండు మూడు వందలు ఎవరి చేతిలోనైనా వంకరగానే వస్తాయి. ఆ వంకర విమానం మీద కాక పనికిరాని రేకు మీద పోవాలనే ఈ పాఠం. రెండు రేకు పట్టీలు, ఎనిమిది రివెట్లు, ఒకే వరుస. ఇలాంటివి వరసగా మూడు జతలు సరిగ్గా కుదిరాకే కిట్టులోని చుక్కాని ముక్కలు ముట్టుకోవాలి.

ఏ రేకు

రాజమండ్రిలోనో భీమవరంలోనో పాత్రల కొట్లలో, కప్పులకు అమ్మేచోట దొరికే అల్యూమినియం రేకు ఈ పనికి రాదు. అది మెత్తన. వేలెడు పట్టీ కత్తిరించి మడిచి వదిలితే మడిచిన చోటే ఉండిపోతుంది. విమానాలకు వాడే గట్టి మిశ్రమాలు, 6061-టీ6 గానీ 2024-టీ3 గానీ అయితే చాలావరకు వెనక్కి లేస్తుంది. మెత్తని రేకు మీద నేర్చిన చెయ్యి గట్టి రేకు దగ్గర తప్పుతుంది, రెంటికీ దెబ్బ తగిలే తీరు వేరు. కిట్టు అమ్మేవాళ్లే సాధన ముక్కలు అమ్ముతారు, వాళ్ల దగ్గరే తెప్పించుకోండి.

0.032 అంగుళాల, అంటే 0.8 మిల్లీమీటర్ల మందం రేకులో 200 మి.మీ. పొడవు, 60 మి.మీ. వెడల్పున రెండు పట్టీలు కత్తిరించండి. అంచులను ఆకురాయితో పొడవు వెంట నున్న చేయాలి, అడ్డంగా రుద్దకూడదు. అడ్డంగా పడ్డ ప్రతి గీతా రేపు బీటకు మొదలు. పట్టీలు ఒకదాని మీద ఒకటి 20 మి.మీ. ఎక్కేలా పెట్టి, ఆ భాగం నడుమ అంచుకు 10 మి.మీ. లోపల ఒక గీత గీయండి. చివరి నుంచి 12.5 మి.మీ. దగ్గర మొదటి చుక్క, అక్కడి నుంచి 25కు ఒకటి. మొత్తం ఎనిమిది పడతాయి.

ఈ కొలతలకు ఆధారం ఉంది. బెజ్జం నడిమి నుంచి రేకు అంచుకు దూరం రివెట్టు మందానికి కనీసం రెండింతలు ఉండాలి. మన రివెట్టు 1/8 అంగుళం, అంటే 3.2 మి.మీ. కాబట్టి 6.4 మి.మీ.కి తగ్గకూడదు. తగ్గితే బరువు పడ్డప్పుడు రివెట్టు రేకును అంచు దాకా చీల్చుకుపోతుంది. పక్కపక్క రివెట్ల మధ్య దూరం మూడింతలకు తగ్గకూడదు.

గీతకు సన్న మొన మార్కర్ వాడండి. పెన్సిల్ వద్దు. అందులోని గ్రాఫైటు, అల్యూమినియం, గాలిలో తేమ, ఈ మూడూ కలిస్తే గీసిన చోటే తుప్పు మొదలవుతుంది. మన గాలిలో తేమకు ఏనాడూ కరువు లేదు.

బెజ్జం

1/8 అంగుళం రివెట్టుకు 30 నంబరు డ్రిల్లు బిట్టు, 3.26 మి.మీ. ముందుగా సన్నటి 40 నంబరు బిట్టుతో, అంటే 2.49 మి.మీ.తో, ఒక బెజ్జం వేసి క్లెకో దిగేయండి. క్లెకో అంటే రెండు రేకుల్ని బెజ్జంలోంచి కరిచి పట్టుకునే స్ప్రింగు బిగింపు. 40 నంబరు బెజ్జానికి వెండి రంగుది, 30 నంబరుకు రాగి రంగుది. రెండో చివర ఇంకొకటి, నడుమ ఇంకొకటి పెట్టాక మిగతావి వేయండి. తర్వాత క్లెకోలు ఒక్కొక్కటే తీస్తూ అన్నిటినీ 30 నంబరుకు పెంచి, తీసిన చోటల్లా రాగి రంగువి దింపండి.

డ్రిల్లు వేగంగా తిరగాలి, చెయ్యి మెల్లగా నొక్కాలి. బిట్టు మొద్దుబారితే మనకు తెలియకుండానే గట్టిగా నొక్కుతాం. అప్పుడది రేకును కోయడం మాని తోసుకుపోతుంది, బెజ్జం గుండ్రం పోయి మూడు మూలలుగా వస్తుంది. పదునైన బిట్టు నుంచి రజను సన్నటి తీగ చుట్టలా లేస్తుంది. పొడిగా రాలుతుంటే బిట్టు మార్చండి. బిట్టు రేకుకు నిలువుగా ఉందో లేదో కంటితో చూస్తే చాలదు. పక్కన చిన్న మూలమట్టం నిలబెట్టుకుని, కనీసం మొదటి యాభై బెజ్జాలు దాన్ని చూసుకుంటూ వేయండి.

అన్నీ పూర్తయ్యాక పట్టీలు విడదీయాలి. తొందరలో అందరూ దాటేసే మెట్టు ఇదే. రెండు రేకుల మధ్య రజను ఉంటుంది, ప్రతి బెజ్జం అంచునా పైకి లేచిన పదును ఉంటుంది. దాన్నే బర్ అంటారు. అది అలాగే ఉంటే రేకులు ఒకదాన్నొకటి ఆనుకోవు. కొట్టినప్పుడు రివెట్టు ఆ సందులోకి ఉబ్బుతుంది. పైకి తల చక్కగానే కనిపిస్తుంది, లోపల మాత్రం రెండు రేకుల మధ్య ఉంగరంలాంటి బొడిపె మిగిలి రెంటినీ ఎప్పటికీ ఎడంగానే ఉంచుతుంది.

బర్ తీయడానికి పెద్ద బిట్టునో, దానికోసమే దొరికే పనిముట్టునో చేత్తో రెండు మూడు చుట్లు తేలిగ్గా తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే బెజ్జం నోరు గరాటాలా విచ్చుకుని రేకు అంచు కత్తిలా పలచబడుతుంది. గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకోకుండా జారితే అయిపోయినట్టే. ఎనిమిది బెజ్జాలు, రెండు రేకులు, రెండు వైపులు, మొత్తం 32 అంచులు. విసుగు పుట్టించే పనే. విమానం ఆయుష్షు నిలబడేది ఇక్కడే కాబట్టి విసుగును ఓర్చుకోండి.

ఉప్పు, సున్నం, బ్లీచింగు

డెల్టాలో ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. చుట్టూ రొయ్యల చెరువులున్న ఊళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు దాచే కొట్టులోనే విమానం పని పెట్టుకునే అవకాశం ఉంది. పెట్టుకోవద్దు. సున్నం క్షారం, అల్యూమినియాన్ని తింటుంది. తేమ తగిలిన బ్లీచింగ్ నుంచి క్లోరిన్ వస్తుంది. తడి ఆరని సిమెంటు గోడకు రేకు ఆనించినా మచ్చలు పడతాయి.

రేకులు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంచకండి. వాటి మధ్యకు చేరిన చెమ్మ ఆరే దారి లేక తెల్లటి బూడిదలాంటి తుప్పు పడుతుంది. నేలకు జానెడు ఎత్తున చెక్కలు పరిచి నిలువుగా, మధ్యలో పొడి కాగితం పెట్టి నిలబెట్టండి. అంటించి వచ్చే నీలం ప్లాస్టిక్ పొర గీతలు పడకుండా కాపాడుతుంది గానీ నెలల తరబడి ఉంచితే దాని కిందే తుప్పు పాకుతుంది. పని లేని రేకు మీద దాన్ని తీసేయడమే మేలు. అంతర్వేది వైపు బోరునీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ముక్కలు కడగాలంటే శుద్ధి చేసిన మంచినీళ్లే వాడండి. చెమట చేతిముద్ర కూడా ఉప్పే. ప్రైమరు వేసే ముందు రేకు తుడిచాక నూలు గ్లౌజు లేకుండా ముట్టుకోవద్దు. ఇనుప పీచుతో అల్యూమినియం రుద్దడం అసలే కూడదు, విరిగిన ఇనుప నలుసులు రేకులో దిగబడి అక్కడే తుప్పు పడతాయి.

రివెట్టు పొడవు

పొట్లం మీద ఏఎన్470ఏడీ4-4 అని ఉంటుంది. 470 అంటే గుండ్రటి తల. ఏడీ అంటే 2117 మిశ్రమం, తల నడుమ చిన్న గుంట ఉంటుంది చూడండి. మొదటి 4 మందం, అంగుళంలో 32వ వంతుల లెక్కన. చివరి 4 పొడవు, 16వ వంతుల లెక్కన. అంటే 6.35 మి.మీ.

రేకులు దాటి బయటికి వచ్చే కాడ మందానికి ఒకటిన్నర రెట్లుండాలి. రెండు రేకులు 1.6, కాడ 4.8, మొత్తం 6.4. కాబట్టి 4వ పొడవు సరిగ్గా సరిపోతుంది. పొడవెక్కువైతే కొట్టేటప్పుడు కాడ పక్కకు వాలుతుంది, తక్కువైతే తల పలచగా వస్తుంది. రేకు మందం మారిన ప్రతిచోటా ఈ కూడిక మళ్లీ వేయాలి.

కొట్టడం

రివెట్టు గన్ను అంటే కంప్రెసర్ గాలితో టకటకా కొట్టే సుత్తి. 3ఎక్స్ సైజు గన్నుకు గాలి ఒత్తిడి 35–40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, కొయ్య దిమ్మ మీద ఒకసారి ఆడించి దెబ్బ బలం చూసుకోండి. గన్ను ముందుకొన దేనికీ ఆనకుండా మీట నొక్కొద్దు, అది తూటాలా ఎగురుతుంది. ఇది ఇద్దరు కలిసి చేసే పని, చెవులకు రక్షణ ఇద్దరికీ కావాలి. కంప్రెసర్ టాంకు అడుగున కుళాయి తిప్పి పొద్దునా సాయంత్రం నీళ్లు వదలండి, వానాకాలంలో గ్లాసుల కొద్దీ వస్తాయి.

కంపెనీ తల, అంటే రివెట్టుకు ముందే ఉన్న తల వైపు గన్ను, కాడ వైపు కిలో – కిలోన్నర బరువున్న ఉక్కు దిమ్మ. దిమ్మ పట్టే మనిషిదే ఆజ్ఞ. దిమ్మ కాడకు తిన్నగా ఆనాక "ఉంది" అనాలి, అప్పుడే గన్ను మనిషి మీట నొక్కాలి. "చాలు" అన్నదీ దిమ్మ మనిషే, తల తయారవడం కనిపించేది అతనికే. గన్ను మనిషి మాట్లాడకూడదు. మాటలు రెండే ఉంటే పొరపాటు ఉండదు.

రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. ఎక్కువసేపు తేలిగ్గా కొడుతూ పోతే లోహం గట్టిపడి అంచుల్లో పగుళ్లు వస్తాయి. శబ్దం వినండి. మొదట గలగలమంటుంది, కాడ ఉబ్బి బెజ్జం నిండేకొద్దీ బిగువై బరువైన మోతకు దిగుతుంది. అజ్జరంలో ఇత్తడి పనివాళ్లు బిందె మోతనుబట్టి మందం చెప్పే చెవే ఇక్కడా కావాలి. యాభై రివెట్లకు వచ్చేస్తుంది.

వరుసలో నడుమ నుంచి చివర్లకు పోండి. చివర్ల నుంచి లోపలికి వస్తే రేకు మధ్యలో ఉబ్బు చిక్కుకుని, నొక్కితే డబ్బా మూతలా టక్కుమంటుంది. ఎండ కూడా అదే పని చేస్తుంది. మీటరు పొడవు రేకు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. కిటికీలోంచి పై రేకు మీదే ఎండ పడుతుంటే నీడ వచ్చేదాకా ఆగండి.

చూసి తేల్చడం

మనం కొట్టిన తల వెడల్పు 4.8, ఎత్తు 1.6 మి.మీ. ఉంటే బంగారం. 4.4 వెడల్పుకు, 1.3 ఎత్తుకు తగ్గనంతవరకు ఒప్పుకోవచ్చు. తల ఒక పక్కకు జారితే దిమ్మ వాలుగా పట్టినట్టు. కాడ ఒరిగి పడుకుంటే పొడవెక్కువ, లేదా బెజ్జం వదులు. కంపెనీ తల మీద నెలవంకలాంటి గాటు పడితే గన్ను మనిషి చెయ్యి సడలి గన్ను ఎగిరినట్టు. గోరు తల కిందికి దూరితే కొట్టేటప్పుడు తల రేకుకు ఆనలేదు.

తీసేయాల్సి వస్తే తల నడిమి గుంటలో బిట్టు పెట్టి, 30 నంబరుతో తల మందం వరకే తొలవండి. ఆ గుంతలో సన్నటి పంచ్ దించి పక్కకు వంచితే తల విరుగుతుంది. వెనక చెక్కకు బెజ్జం చేసి ఆనించి, కాడను మెల్లగా తట్టి దింపండి. కదలకపోతే 40 నంబరుతో కాడ లోపల డొల్ల చేసి మళ్లీ తట్టండి. బలవంతంగా లాగితే బెజ్జం సాగుతుంది.

ఇక్కడొక నిర్ణయం ఉంది, కొత్తవాళ్లు దాదాపు అందరూ తప్పువైపే తీసుకుంటారు. రేకులు ఎదురెదురుగా లాగి రివెట్టును అడ్డంగా కోయబోతే, సరైన బెజ్జంలో బిగిసిన 1/8 రివెట్టు ఒక్కటే సుమారు 175 కిలోల బరువును ఆపుతుంది. తల కాస్త జారినా కొలతల్లోనే ఉండి, రేకులు బిగిసి, పగులు లేకపోతే దాన్ని అలాగే వదిలేయండి. అందం కోసం తీస్తే పాడయ్యేది బెజ్జం. రివెట్టు ఇంకొకటి దొరుకుతుంది గానీ సాగిన బెజ్జం మళ్లీ చిన్నదవదు. పెద్ద రివెట్టుకు పెంచుదామంటే అంచు దూరం చాలకపోవచ్చు. పగిలినవీ, రేకుల మధ్య ఉబ్బినవీ, కొలత తప్పినవీ మాత్రం ఎంత కష్టమైనా తీయాల్సిందే.

మొదటి జత అయ్యాక ఎనిమిది రివెట్లలో రెండు కావాలనే తీసి, కొత్తవి వేయండి. తీసిన బెజ్జంలో కొత్త రివెట్టు వదులుగా ఊగుతుంటే మీ తీయడం ఇంకా కుదరలేదు. రెండో జతను వరుస మీదుగా హాక్సాతో నిలువునా కోసి, కోత ముఖం నున్నగా ఆకురాయి పట్టి వెలుతురులో చూడండి. రేకుల మధ్య గీత వెంట్రుకంత కూడా తెరుచుకోకూడదు, కాడ బెజ్జాన్ని గోడలదాకా నింపి ఉండాలి. మూడు జతల మీదా తేదీ రాసి ఫొటో తీసి పనిపుస్తకంలో అంటించండి. మొదటి పాఠంలో చెప్పినట్టు, తనిఖీకి వచ్చేవారు ముందు అడిగేది ఆ పుస్తకమే.

వచ్చే పాఠానికి 3/32 అంగుళం డింపుల్ డైలు, అంటే రివెట్టు తల కూర్చునేలా రేకులో గుంట ఒత్తే అచ్చులు, ఒక జత, ఏఎన్426ఏడీ3-3 రివెట్లు వంద, అర మిల్లీమీటరు రేకు ముక్కలు నాలుగు సిద్ధం చేసుకోండి. చుక్కాని పైరేకుకు కావాల్సిన, ఉపరితలంలో కలిసిపోయే తలల పని మొదలవుతుంది.