ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఘాట్లకి పికప్ బండి ఎలా ఎంచుకోవాలి?

సాలూరు నుంచి కొరాపుట్‌కి, పార్వతీపురం నుంచి రాయగడకి, పాతపట్నం నుంచి పర్లాకిమిడికి సరుకు తోలే కుర్రాళ్లు కొత్త పికప్ కొనే ముందు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఏ కంపెనీ బండి తీసుకోమంటావు?" కంపెనీ పేరుతో మొదలుపెట్టినవాళ్లు షోరూమ్‌లో ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల బండే కొంటారు. ఏడాది తిరక్కుండానే క్లచ్ ప్లేట్లు మార్పించుకుంటూ, ఈఎంఐ కోసం అప్పులు చేస్తూ కనిపిస్తారు. ఇది చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను. మీ లోడు ఎంత, మీ రోడ్డు ఎలాంటిది, ఆ రోడ్డు మీద ఇంజను ఎక్కడ లాగుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది? ముందు ఇవి తేల్చుకోండి. కంపెనీ పేరు చివర్లో చూసుకోవచ్చు.

కావలసినవి: ఒక నోటుబుక్కు, మీరు చూస్తున్న మోడళ్ల బ్రోచర్లు, కాటా రసీదు, రెండు చెక్క దిమ్మలు, ఘాట్ తెలిసిన డ్రైవరు ఒకరు. సగం రోజు తీరిక ఉండాలి.

1. లోడు రాసుకోండి

ఏం తోలుతారు, వెళ్లేటప్పుడు ఎంత, వచ్చేటప్పుడు ఎంత? పలాస జీడిపప్పు, కొరాపుట్ అల్లం, సంతలకి వెళ్లే కూరగాయలు, సిమెంటు, ఇలా ఏదైనా సరే, అంకె వేయండి. సిమెంటు బస్తా 50 కిలోలు కాబట్టి 26 బస్తాలంటే 1300 కిలోలు. సీజన్‌లో ఒక్కసారి పడే పెద్ద లోడు కోసం బండి కొనకండి. వారంలో ఎక్కువ రోజులు పడే లోడుకే కొనాలి. ఆ పెద్ద లోడు పడిన రోజున రెండో బండి కిరాయికి పెట్టుకోవడమే చవక.

2. ఆర్‌సీలో పడే బరువు చూడండి

సరిహద్దు దాటే బండికి ఇది చాలా ముఖ్యం. అయినా చాలామంది అడగరు. సరుకుతో కలిపి మొత్తం బరువు, అంటే జీవీడబ్ల్యూ, 3000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. దాటితే పర్మిట్ కావాలి. ఒడిశాలోకి కూడా తిరగాలంటే నేషనల్ పర్మిట్ తీసుకోవాలి. టాటా ఇంట్రా వి50 జీవీడబ్ల్యూ 2940 కిలోలు. 3000కి కాస్త కింద ఎందుకు ఆపారో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. 2 టన్నులు మోసే బొలెరో మ్యాక్స్ హెచ్‌డీ, యోధ 2.0 లాంటివి ఆ గీత దాటిపోతాయి. అంతమాత్రాన అవి వద్దని కాదు. పర్మిట్ ఖర్చు కూడా బండి ధరలో కలుపుకుని చూడండి.

జీవీడబ్ల్యూలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు వేయగల లోడు. బ్రోచర్‌లో ఉన్న అంకె కంపెనీ బాడీకి మాత్రమే. సాలూరు లారీల ఊరు, బాడీ కట్టేవాళ్లకి కొదవ లేదు. పక్క చెక్కలు ఎత్తు చేయించి, ఇనుప జాలీ వేయించి, టార్పాలిన్‌కి కమాన్లు బిగించాక ఆ బరువంతా మీ లోడులోంచే పోతుంది. బాడీ కట్టించాక ఒకసారి ఖాళీ బండిని కాటా వేయించి ఆ రసీదు దాచుకోండి. ఓవర్‌లోడ్‌కి 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు. దానిపైన ప్రతి అదనపు టన్నుకి 2,000. ఎక్కువైన సరుకుని రోడ్డు పక్కన దింపించేస్తే ఆ సరుకు గతి ఏమిటో ఆలోచించండి.

3. ఇంజన్లని కాగితం మీద పోల్చండి

ఇక్కడ ఎక్కువసేపు కూర్చోవద్దు. ఒక్క పేజీ చాలు. బొలెరో మ్యాక్స్ పెద్ద వేరియంట్లలో 2523 సీసీ, నాలుగు సిలిండర్లు, 80 హార్స్‌పవర్, 220 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే ఇంజను తిప్పే బలం). ఇంట్రా వి50లో 1496 సీసీ, నాలుగు సిలిండర్లు, అదే 80, అదే 220. అశోక్ లేలాండ్ బడా దోస్త్‌లో 1.5 లీటర్లు, మూడు సిలిండర్లు, అదే 80, టార్క్ 190. టాటా యోధ 2.0లో 2.2 లీటర్ల ఇంజను, 100 హార్స్‌పవర్, 250 టార్క్.

మూడు బండ్లకీ 80 హార్స్‌పవరే అయినప్పుడు ఆ అంకె పట్టుకుని ఏం తేలుస్తారు? సేల్స్ కుర్రాడు మాత్రం దాన్నే చెబుతాడు. 2005లో మొదటి టాటా ఏస్ వచ్చినప్పుడు దానికి ఉన్నది రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్. అది కూడా ఈ గుట్టలు ఎక్కింది. చిన్న లెక్క చెబుతాను. మొత్తం 3 టన్నుల బరువున్న బండి 6 శాతం వాలు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర సుమారు 24 హార్స్‌పవర్ చాలు. 80 ఉన్న బండి ఎందుకు ఆగిపోతుందంటే, ఆ 80 వచ్చేది ఇంజను నిమిషానికి 3000 చుట్ల (ఆర్‌పీఎం) పైన తిరిగినప్పుడు. మలుపులో మీ ఇంజను 1200కి పడిపోతుంది. 1500 దగ్గర 200 టార్క్ ఇచ్చే ఇంజను అక్కడ 42 హార్స్‌పవర్ ఇస్తున్నట్టు లెక్క. అదే ఇంజను 1200 దగ్గర 110 మాత్రమే ఇస్తే దాని చేతిలో ఉన్నది సుమారు పద్దెనిమిదిన్నర. అది చాలదు, గేరు దించాల్సిందే. కాబట్టి బ్రోచర్‌లో టార్క్ పక్కనే ఉండే ఆర్‌పీఎం చూడండి. ఇంట్రా వి50కి 1750–2500 అని, బడా దోస్త్‌కి 1600–2400 అని ఉంటుంది. మొదటి అంకె ఎంత తక్కువైతే ఘాట్‌లో అంత సుఖం.

ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో అందుకునేదాకా ఇంజను తన సొంత గాలి మీదే బతకాలి. 2.5 లీటర్ల ఇంజను పీల్చే గాలి 1.5 లీటర్ల ఇంజను కంటే ఎక్కువ. అందుకే టన్నున్నర దాటిన లోడుతో రోజూ ఘాట్ ఎక్కేవాళ్లు 2 లీటర్ల లోపు ఇంజను జోలికి పోకూడదు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం మీదుగా చదును రోడ్డు మీద తిరిగేవాళ్లకి 1.5 లీటర్లు బ్రహ్మాండంగా సరిపోతుంది, డీజిలూ మిగులుతుంది. పెట్రోలు పికప్‌లు ఊళ్లో డెలివరీకి పనికొస్తాయి, గుట్ట మీదికి వద్దు. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పల్చబడి టర్బో లేని పెట్రోలు ఇంజను పదో వంతుకు దగ్గరగా బలం కోల్పోతుంది. టర్బో డీజిల్ ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. ఇసుజు డి-మాక్స్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది, గట్టి బండి. కానీ 1.9 లీటర్లు, 163 హార్స్‌పవర్ వి-క్రాస్ చూసి మనసు పారేసుకోకండి. నాలుగు తలుపుల బండి అది, వెనక తొట్టి చిన్నది. కిరాయి తోలడానికి కాదు.

గ్రేడబిలిటీ శాతం అని ఒకటి రాస్తారు. అది మొదటి గేరులో ఎక్కగల వాలు. మన హైవే ఘాట్లు మామూలుగా 5 నుంచి 7 శాతం లోపే ఉంటాయి. 30 శాతం ఎక్కుతుందని చెబితే గిరిజన గూడేల మట్టిరోడ్లకి సంతోషించండి. సాలూరు–కొరాపుట్ దారిలోని సుంకి ఘాట్‌కి దానితో పని లేదు.

4. లోడుతో ఘాట్ మీద నడిపి చూడండి

అసలు పని ఇదే. దీన్ని వదిలేసి కొన్నవాళ్లే తర్వాత ఏడుస్తారు. ఖాళీ బండితో షోరూమ్ చుట్టూ ఒక రౌండు కొట్టి "పికప్ బాగుంది" అనడం టెస్ట్ డ్రైవ్ కాదు. ఖాళీగా ఏ బండైనా లాగుతుంది.

డీలర్ డెమో బండికి లోడు వేయనివ్వకపోతే బతిమాలకండి. అదే మోడల్, అదే వేరియంట్ నడుపుతున్న ఓనర్‌ని పట్టుకుని, అతను లోడుతో వెళ్లే రోజున డీజిల్ మీరు పోయించి పక్క సీట్లో కూర్చోండి. నన్నడిగితే డెమో బండి కంటే ఇదే మేలు. నలభై యాభై వేల కిలోమీటర్లు తిరిగిన బండి నిజం చెబుతుంది. లోడు మీ నోటుబుక్కులో రాసుకున్నంతే ఉండాలి, ఆర్‌సీ బరువు దాటకూడదు. పగటిపూటే వెళ్లండి. వాన రోజున వద్దు. బస్సులు, బాక్సైట్ లారీలు ఒత్తిడిగా ఉన్న సమయంలో అసలే వద్దు.

సాలూరు వైపు నుంచి అయితే పి.కోనవలస దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఎక్కేటప్పుడు ఏసీ ఆపేయమనండి. మీరు రోడ్డు చూడకండి, ఆర్‌పీఎం ముల్లు చూడండి. మూడో గేరులో మలుపుకి వచ్చి వేగం తగ్గినప్పుడు ముల్లు ఎంత దాకా పడిపోయింది? అక్కడినుంచి యాక్సిలరేటర్ తొక్కితే బండి ముందుకు పోయిందా, ఇంజను డగడగమని వణికిందా? వణికితే రెండో గేరు వేయక తప్పదు. రెండులో ఇంజను అరుస్తూ, మూడులో ఏడుస్తూ ఉంటే ఆ రెండు గేర్ల మధ్య సందు ఈ లోడుకి, ఈ వాలుకి సరిపోలేదు. ఆ బండి ఎంత మంచి కంపెనీదైనా మీకు కాదు. రోజంతా రెండో గేరులో ఎక్కే బండికి డీజిల్ ఖర్చు, ఇంజను వేడి, డ్రైవరు అలసట అన్నీ పెరుగుతాయి. టెంపరేచర్ ముల్లు మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి. పైకి చేరేసరికి అది సగం దాటి పాకుతుంటే రాసుకోండి.

తర్వాత ఎక్కుడులో ఆపి మళ్లీ ఎత్తడం. దీన్ని మలుపులో చేయకండి. వెడల్పుగా, తిన్నగా, ముందూ వెనకా దూరం కనిపించే చోటే చేయాలి. అలాంటి చోటు దొరక్కపోతే ఈ పరీక్ష మానేయండి. హజార్డ్ లైట్లు వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, మీ మనిషిని పక్కకి దింపి వెనక చక్రం కింద దిమ్మ పెట్టించండి. దిమ్మ పెట్టే మనిషి బండికి వెనక నిలబడకూడదు, పక్కనే ఉండాలి. డ్రైవరు మొదటి గేరు వేసి, క్లచ్ పట్టుకునే చోటికి వదిలి, హ్యాండ్ బ్రేక్ దించాలి. ఇంజను, గేర్ల జోడీ మంచిదైతే ముక్కు కొద్దిగా పైకి లేచి బండి మెల్లగా కదులుతుంది. క్లచ్‌ని సగంలో పట్టుకుని ఇంజను గట్టిగా రేజ్ చేస్తే తప్ప కదలకపోతే రెండోసారి చేయొద్దు. కాలిన రబ్బరూ కాగితమూ కలిసినట్టుండే వాసన ఒక్కసారి వచ్చిందంటే క్లచ్ ప్లేటు అరిగిపోతోందన్నమాట. సంతరోజు ట్రాఫిక్‌లో ఇలా ఎన్నిసార్లు ఆగి ఎత్తాల్సి వస్తుందో మీకు తెలుసు.

పైకెక్కడం గురించి అందరూ మాట్లాడతారు. ప్రాణాలు పోయేది దిగేటప్పుడు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి, వాలు మొదలయ్యే ముందే ఆ గేరు వేసేయాలి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి చూడండి: బండి తనంతట తాను పట్టుకుని ఉందా, జారుకుంటూ వేగం పెంచుకుంటోందా? ఇంజను పెద్దదైతే వెనక్కి పట్టే బలం ఎక్కువ. చిన్న ఇంజనుతో పెద్ద లోడు దించేటప్పుడు ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకుని అదేపనిగా తొక్కి పట్టుకోకుండా, కాస్త గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదలాలి. కిందికి చేరాక పెడల్ మొదట్లో ఉన్నంత గట్టిగానే ఉందా, మెత్తగా లోపలికి పోతోందా చూడండి. చక్రాల దగ్గర వాసన చూడండి, చేయి మాత్రం పెట్టకండి, కాలుతుంది.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే డ్రైవర్లు ఇంకా ఉన్నారు. అలా ఒక్క చుక్కా మిగలదు. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో గేరులో ఉండి కాలు తీస్తే ఇంజెక్టర్లు డీజిల్ పోయడం పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగకుండా ఉండటానికి డీజిల్ తాగుతుంది, పైగా పట్టు పోతుంది. ఇంజను ఆపి దించడం ఇంకా ఘోరం. మన తొక్కుడుకి బలం చేర్చే బ్రేక్ బూస్టర్‌కి వ్యాక్యూమ్ ఇంజను నుంచే రావాలి. రెండుమూడు తొక్కుల తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. పరీక్షకి వచ్చిన డ్రైవరు అలా దించబోతే అక్కడే ఆపించి మీరు దిగిపోండి.

ఇదంతా ఒక మోడల్‌కి చేసి ఊరుకోకండి. ఇదే లోడు, ఇదే ఘాట్, వీలైతే ఇదే డ్రైవరుతో రెండో మోడల్ కూడా చూడండి. ఒక్కో బండికి మూడు విషయాలు రాయండి: మలుపులో ఏ గేరు, పైన టెంపరేచర్ ఎంత, కింద బ్రేక్ పెడల్ ఎలా ఉంది. మైలేజీ అంకెలు పోల్చుకునే చర్చలకంటే ఈ మూడు ముక్కలకే విలువ ఎక్కువ. మైలేజీ డ్రైవరుని బట్టి మారుతుంది, గేర్ల మధ్య సందు ఎవరు నడిపినా మారదు.

5. సర్వీసు, డీజిలు

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఊళ్లోనే నాలుగేసి కిలోమీటర్లు తిరిగితే అది పూడుకుపోతుంది. లైటు వెలిగితే ఆపకుండా హైవే మీద కాసేపు నిలకడగా నడిపితే అది మసిని కాల్చేసుకుంటుంది. లైటు పట్టించుకోకుండా తిప్పితే వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టాల్సిందే. కాబట్టి మీ ఊరికి దగ్గర్లో ఆ స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్ ఏ కంపెనీదో చూడండి. సమానంగా తేలిన రెండు బండ్లలో దాన్నిబట్టి ఒకటి ఎంచుకోండి. ఒడిశా వైపు డీజిల్ లీటరుకి చవకే, అక్కడ బంకులో నింపుకోవడంలో తప్పులేదు. గుట్టల్లో డ్రమ్ముల్లో అమ్మే విడి డీజిల్ మాత్రం ముట్టొద్దు. నీళ్లు, మురికి కలిసిన డీజిల్ ఇంజెక్టర్లని పాడు చేస్తుంది, వాటి ఖర్చు మామూలుగా ఉండదు.

అడ్వాన్సు ఇచ్చే ముందు మీరు ఘాట్ మీద చూసిన వేరియంట్ పేరు, జీవీడబ్ల్యూ, తొట్టి పొడవు ఈ మూడూ బుకింగ్ ఫారం మీద రాయించుకోండి. ఒకే పేరుతో నాలుగైదు వేరియంట్లు ఉంటాయి, డెలివరీ రోజున పక్కది అంటగట్టే ప్రయత్నం చేస్తారు. ఆ రోజున తలుపు పక్కన రివెట్లతో బిగించిన ప్లేటు మీద అంకెలని ఫారంతో సరిచూసుకున్నాకే తాళం తీసుకోండి.