పూనకం వచ్చిన విమానం

తిరుపతిలో మా మేడ మీది నుంచి రేణిగుంటలో దిగే విమానాలు కనిపిస్తాయి. వాటిని చూసి చూసి, బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ అనే కంప్యూటరు వాహనాల ఆటలో ఎయిర్‌బస్ ఎ320 విమానం లాంటిదొకటి తయారుచేయాలన్న పిచ్చి పట్టింది.

ఆ ఆటలో వాహనమంటే బరువున్న బిందువులు, వాటిని కలిపే స్ప్రింగుల్లాంటి దూలాలు. అవి ఎలా కదలాలన్న లెక్క సెకనుకు 2000 సార్లు జరుగుతుంది. రెక్కలు వేలాడుతున్నాయని దూలాల గట్టిదనం పదింతలు పెంచాను. అంతే, రన్‌వే మీద నిలబడ్డ విమానం పూనకం వచ్చినట్టు ఊగి ముక్కలైంది! నాలుగు రాత్రులు ఫైళ్లలో అక్షర దోషాలు వెతికాను. అవి శుభ్రంగానే ఉన్నాయి. తప్పు రెక్క కొసలో ఉంది: అక్కడి బిందువుల బరువు రెండేసి కిలోలే. అంత తేలికైనదాన్ని అంత గట్టి స్ప్రింగు లాగితే లెక్క నిలవదు. గట్టిదనం సగానికి పైగా తగ్గించి, కొసలకు బరువు కలిపాను. ఊగడం ఆగింది.

తర్వాత మరో తంటా. నేల విడవగానే ముక్కెత్తి వెనక్కి పడేది. సైకిలు క్యారియరు మీద బియ్యం మూట కట్టినట్టు, తోక బరువుకు గరిమనాభి, అంటే మొత్తం బరువు కేంద్రం, రెక్కల ఎత్తుబలం పనిచేసే చోటుకన్నా వెనక్కి జరిగింది. తోకలో తీసి ముక్కులో కలిపాను.

ఇప్పుడు ఎగురుతోంది. దించడం మాత్రం నాకింకా చేతకాలేదు.