అజిలిటీ ట్రయల్‌కి కుక్కతో వెళ్లాలనుకుంటున్నారా, ముందు కుక్క లేకుండా ఓసారి వెళ్లి రండి

అజిలిటీ అంటే జంపులు, గొట్టాలు, బల్లల్లాంటి అడ్డంకుల్ని నంబర్ల వరసలో కుక్క దాటే పోటీ, పక్కన పరిగెత్తుతూ దానికి దారి చూపించే మనిషే హ్యాండ్లర్. అవును, ఫస్ట్ ట్రయల్‌కి కుక్కని ఇంట్లో వదిలేసి మీరొక్కరే వెళ్లండి. వెళ్లి బార్ సెట్టర్‌గా పేరివ్వండి, అంటే రింగ్‌లో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుని జంప్‌లో కుక్క తగిలి పడేసిన బార్‌ని (అడ్డకర్రని) మళ్లీ పైన పెట్టే పని. వాలంటీర్లు ఎప్పుడూ తక్కువే కాబట్టి ఎవరూ వద్దనరు. ఆ కుర్చీలోంచి ఓ యాభై రన్స్ చూశారంటే అర్థమైపోతుంది, బార్ పడిన టైమ్‌కి హ్యాండ్లర్ ఏదో ఒకటి చేసుంటాడు, లేటుగా అరిచుంటాడు, సడన్‌గా బ్రేకేసినట్టు ఆగుంటాడు, లేకపోతే కుక్క గాల్లో ఉండగానే పక్కకి తిరిగేసుంటాడు. బయటికొచ్చాక మాత్రం "ఇవాళ వీడికి మూడ్ లేదండీ" అంటారు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. నేనూ ఒక ఏడాది పాటు మా కుక్క చుక్కి మీద ఇలాగే నెట్టేశాను లెండి.

ఎంట్రీ వేసే ముందు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి వయసు, ఎఫ్‌సీఐ (అంతర్జాతీయ కెన్నెల్ సంఘాల సమాఖ్య) రూల్స్‌లో అయితే 18 నెలలు నిండాలి, అమెరికాలో ఏకేసీకి (అమెరికన్ కెన్నెల్ క్లబ్‌కి) 15 నెలలు. ఈ రూల్ ఊరికే పెట్టలేదు, ఎముకలు ఎదుగుతున్న వయసులో ఫుల్ హైట్ జంప్స్ చేయిస్తే కీళ్లు పాడవుతాయి, మీ కుక్క ఎంత హుషారుగా ఉన్నా సరే ఆగండి. రెండోది ఎత్తు, భుజాల దగ్గర కొలుస్తారు, ఎఫ్‌సీఐలో 35 సెంటీమీటర్ల లోపు స్మాల్, 43 లోపు మీడియం, 48 లోపు ఇంటర్మీడియట్, ఆపైన లార్జ్. కొలిచేటప్పుడు కదలకుండా నిలబడటం ఇంట్లోనే అలవాటు చేయండి, కొత్త మనిషి కొలబద్ద పట్టుకుని మీదికి వంగితే బెదిరిపోయే కుక్కలు చాలా ఉన్నాయి.

సామాన్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, క్రేట్ (కుక్క పడుకునే బోను), దాని మీద కప్పడానికి గుడ్డ, నీడ కోసం ఏదైనా, బోలెడు నీళ్లు, వ్యాక్సిన్ బుక్, కవర్లు, మీకు కుర్చీ. ట్రీట్స్ మాత్రం రోజూ పెట్టేవి కాకుండా అది ప్రాణం పెట్టేవి తీసుకెళ్లండి. క్రేట్ అలవాటు లేని కుక్కని మాత్రం తీసుకెళ్లొద్దు, ఎందుకంటే రింగ్‌లో ఉండేది రోజుకి మహా అయితే రెండు మూడు నిమిషాలు, మిగతా రోజంతా క్రేట్‌లోనే, అక్కడ పడుకోకుండా పక్క కుక్కల మీద అరుస్తూ కూర్చుంటే మీ టర్న్ వచ్చేసరికి దానికి ఓపికే ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి, కోర్స్ వాక్. రన్స్ మొదలయ్యే ముందు కుక్కలు లేకుండా హ్యాండ్లర్లందరినీ కొన్ని నిమిషాలు రింగ్‌లోకి వదుల్తారు, మీ క్లాసులో గెలుపోటములు చాలావరకు అక్కడే తేలిపోతాయి. కొత్తవాళ్లు ఏం చేస్తారంటే నంబర్ల వెంట ఒకటి రెండు మూడు అనుకుంటూ నడిచేసి, పక్కవాళ్లతో కబుర్లు చెప్పి బయటికొచ్చేస్తారు. నేను చేసేది ఇది. ఫస్ట్ రౌండ్ నంబర్ల కోసమే. రెండో రౌండ్ నేను నడిచే దారిలో కాదు, కుక్క నడిచే దారిలో, ముఖ్యంగా టన్నెల్ (కుక్క దూరి వెళ్లే గొట్టం) బయట ఆగి కుక్క ఎత్తుకి వంగి చూస్తాను (చూసేవాళ్లకి నవ్వొస్తుంది, రానివ్వండి), ఎందుకంటే మనకి కరెక్ట్ జంప్ కనపడుతున్న చోట దానికి ఎదురుగా ఏ-ఫ్రేమ్ (ఇంటి కప్పులా రెండు వైపులా వాలుగా ఉండే బల్ల) ఒక్కటే కనపడొచ్చు, అది దాన్నే ఎక్కుతుంది, ఎక్కితే తప్పెవరిది? జడ్జి కావాలనే అలాంటి ట్రాప్స్ పెడతారు. మూడో రౌండ్‌లో నంబర్లు చూడకుండా, చేతులు ఊపుతూ, నోటితో మాటలు చెప్తూ, నిజంగా పరిగెత్తినట్టే. చివర్లో కళ్లు మూసుకుని ఎక్కాలు అప్పజెప్పినట్టు కోర్స్ మొత్తం చెప్పుకోవాలి, ఎక్కడ తడబడితే రేపు రన్‌లో కూడా అక్కడే తడబడతారు, రాసిపెట్టుకోండి.

కుక్కకి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మీరు సైడ్ మారడం ఎక్కడో కూడా ఈ వాక్‌లోనే తేల్చుకోవాలి. ఫ్రంట్ క్రాస్ అంటే కుక్కకి ఎదురుగా తిరుగుతూ దాని ముందు నుంచి దాటడం, బ్లైండ్ అంటే వీపు దాని వైపు పెట్టి ముందు నుంచి దాటడం, రియర్ అంటే దాన్ని ముందుకి పంపి వెనక నుంచి దాటడం. ఫ్రంట్, బ్లైండ్ రెండిటికీ మీరు కుక్క కంటే ముందుండాలి. మీ కుక్క మీకంటే ఫాస్ట్ అయితే "పరిగెత్తి అందుకుంటాలే" అనుకోకండి, అందుకోరు, ఆ చోట రియర్ వేసుకోండి. ఇంకోటి, కుక్క మన నోటి కంటే మన భుజాల్నీ పాదాల్నీ ఎక్కువ నమ్ముతుంది, మీరు "టన్నెల్ టన్నెల్" అని గొంతు చించుకున్నా పాదాలు జంప్ వైపు ఉంటే అది జంప్‌కే వెళ్తుంది.

మీ ముందు ఓ పది కుక్కలు ఉన్నాయనగా క్రేట్‌లోంచి తీయండి, బాత్రూమ్ పని అవ్వాలి, కాసేపు నడక, తర్వాత చిన్న పరుగు, ప్రాక్టీస్ జంప్ ఉంటే తక్కువ ఎత్తులో రెండు మూడు సార్లు. గేట్ దగ్గర అరగంట ముందే నిలబెడితే అది పరిగెత్తే కుక్కల్ని చూసి చూసి పిచ్చెక్కిపోతుంది. రింగ్‌లోకి ట్రీట్స్, బొమ్మలు తీసుకెళ్లకూడదు, జేబులు చూసుకోండి. కొన్ని చోట్ల రన్‌లో కాలర్ కూడా తీసేయాలి, ఇంట్లో ఎప్పుడూ కాలర్ లేకుండా స్టే చేయించకపోతే అక్కడ సర్‌ప్రైజ్ అవుతారు.

రన్‌లో కొత్తవాళ్ల కొంప ముంచేవి కాంటాక్ట్స్ (ఎక్కి దిగే బల్లలు), వీవ్స్ (వరసగా నిలబెట్టిన పోల్స్ మధ్య వంకరటింకరగా దూరి వెళ్లడం). ఏ-ఫ్రేమ్, డాగ్ వాక్ (ఎత్తులో ఉండే సన్నటి వంతెన), సీసా (తాగే సీసా కాదు, పార్కులో పిల్లలు ఎక్కి ఊగే బల్ల) మూడిటికీ చివర్లో వేరే రంగు వేసి ఉంటుంది, కిందికి దిగేటప్పుడు ఒక్క పాదమైనా అక్కడ పడాలి. పైనుంచి దూకేస్తే భుజాలకి దెబ్బ, అందుకే ఆ రూల్. మొదట్లో వెనక కాళ్లు బల్ల మీద ముందు కాళ్లు నేల మీద పెట్టి ఆగడం నేర్పించండి, స్లో అయినా పర్లేదు. వీవ్స్‌లో మొదటి పోల్ కుక్క ఎడమ భుజం పక్కన ఉండాలి, స్పీడ్‌గా వచ్చి మొదటి గ్యాప్ దాటేసి రెండో దాంట్లో దూరేస్తుంటాయి, ప్రాక్టీస్‌లో పన్నెండు పోల్స్ పదిసార్లు చేయించే బదులు రకరకాల యాంగిల్స్ నుంచి ఎంట్రీ మాత్రమే చేయించండి.

ఈ ఆట 1978లో ఇంగ్లండ్‌లోని క్రఫ్ట్స్ అనే కుక్కల షోలో ఖాళీ టైమ్‌లో జనాన్ని ఎంటర్‌టైన్ చేయడానికి గుర్రాల జంపింగ్‌ని చూసి పెట్టింది, అందుకే ఫాల్ట్ (తప్పుకి పడే పాయింట్), రెఫ్యూజల్ (అడ్డంకి ముందు ఆగిపోవడం, పక్కనుంచి దాటేయడం), క్లియర్ రౌండ్ (తప్పుల్లేని రన్) అన్నీ గుర్రాల వాళ్ల మాటలే. ఎఫ్‌సీఐలో బార్ పడితే 5 ఫాల్ట్స్, కాంటాక్ట్ మిస్సయితే 5, రెఫ్యూజల్‌కి 5, మూడు రెఫ్యూజల్స్ అయినా, రాంగ్ అబ్‌స్టకిల్ తీసుకున్నా ఎలిమినేట్. ఎలిమినేట్ అయ్యాక మొహం మాడ్చుకుని కుక్కని ఈడ్చుకుంటూ బయటికి రావడం కంటే పెద్ద తప్పు లేదు. తప్పు దారిలో పంపింది మీరు, అది పాపం మీరు చూపించిందే చేసింది, ఇప్పుడు మీ మొహం చూసి రింగ్ అంటేనే భయం నేర్చుకుంటుంది. మా చుక్కి ఇలాగే మూడు నెలలు స్టార్ట్ లైన్ దగ్గర నేల వాసన చూస్తూ నిలబడేది, టెన్షన్‌తో, నాకు అర్థమవ్వడానికి అన్నాళ్లు పట్టింది. ఏం జరిగినా లీష్ వేసి నవ్వుతూ ట్రీట్స్ దగ్గరికి ఇద్దరూ పరిగెత్తండి.

రన్ అయ్యాక వెంటనే క్రేట్‌లో పడేయకండి, ఐదు పది నిమిషాలు నడిపించి తర్వాత పెట్టండి. ఎండ రోజుల్లో నాలుక వెడల్పుగా బయటికొచ్చి, చిక్కటి చొంగ కారుతూ, నడక తూలుతుంటే ఇక రన్స్ గిన్స్ ఏం లేవు, నీళ్లతో ఒళ్లు తడిపి గాలి తగిలేలా చేస్తూ డాక్టర్ దగ్గరికి.

ట్రయల్ రెండు రోజులైతే రెండో రోజు మధ్యాహ్నానికి మొదటి రోజు ముట్టుకోని బార్లు కూడా పడుతుంటాయి, అది అలసట. అప్పుడు ఫీజు కట్టేశాం కదా అని పరిగెత్తించొద్దు, గేట్ దగ్గర ఉన్నవాళ్లకి చెప్పి ఆ రన్ వదిలేయండి. ప్రతి రన్ ఎవరితోనైనా ఫోన్‌లో వీడియో తీయించుకోండి, ఇంటికొచ్చాక సౌండ్ తీసేసి మీ పాదాలు మాత్రమే చూడండి, కుక్కని కాదు. సోమవారం దానికి సెలవు, ఆ వీడియోలో దొరికిన తప్పు ఒక్కటి తీసుకుని మంగళవారం కుక్క లేకుండా మీరొక్కరే రెండు జంప్‌ల మధ్య నడిచి సరిచేసుకోండి.